తాతగారి వాచీ ఆరేడు గంటలు నడిచి ఆగిపోతోంది: ఒక సర్వీసింగ్ కేసు

వాచీ 1950ల నాటి స్విస్ తయారీ. చేత్తో కీ ఇచ్చేది, 17 జువెల్స్ (ఇరుసు కొనలు తిరిగే గట్టి రాళ్లు), గంటకు 18,000 బీట్లు (టిక్ శబ్దాలు), ఆరు అంకె దగ్గర చిన్న సెకన్ల డయల్. కేసు ఇత్తడి మీద క్రోమ్ పూత, వెనక మూత స్టెయిన్‌లెస్ స్టీలు. షాక్ ప్రొటెక్షన్ లేదు. తాత నుంచి మనవడికి వచ్చింది, మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా సొరుగులో పడి ఉంది. ఫిర్యాదు ఇది: నిండా కీ ఇస్తే ఆరేడు గంటలు నడిచి ఆగుతుంది, చేతిలోకి తీసుకుని కాస్త ఊపితే మళ్లీ కదిలి ఇంకాసేపటికి ఆగుతుంది. అడిగింది కూడా స్పష్టంగానే అడిగారు. వారానికి ఒకటి రెండు రోజులు పెట్టుకునేలా నడవాలి, చూడ్డానికి మాత్రం తాత చేతికి ఉన్నప్పటిలాగే ఉండాలి.

ఆ రెండో షరతుతో సగం నిర్ణయాలు విప్పకముందే అయిపోయాయి. డయల్ మళ్లీ అచ్చు వేయించడం లేదు. కేసుకు బఫింగ్ లేదు. ముళ్లు మార్చడం లేదు. ఇలాంటి వాచీలో పోతే తిరిగి రానివి ఇవే. స్ప్రింగు, స్టెమ్ (కీ నుంచి లోపలికి వెళ్లే కడ్డీ), అద్దం ఎప్పుడైనా దొరుకుతాయి.

విప్పకముందు చూసినవి

మూత లోపలివైపు సూదితో గీసిన గుర్తులు నాలుగు ఉన్నాయి. పాత రిపేరర్లు సర్వీసు చేసిన ప్రతిసారీ తమకు మాత్రమే అర్థమయ్యే అంకెలు అక్కడ గీసేవారు. అంటే ఈ వాచీ మీద కనీసం నాలుగు చేతులు పడ్డాయి. అందులో ఒక చెయ్యి ఏం చేసిందో తర్వాత తేలింది.

టైమ్‌గ్రాఫర్ (వాచీ చప్పుడు విని వేగాన్ని, ఊపును కొలిచే మెషీన్) మీద పెట్టేముందు చిన్న దిక్సూచి దగ్గరికి తెస్తే ముల్లు తిరిగింది. వాచీకి అయస్కాంతం పట్టింది. అలా పట్టిన వాచీ మీద తీసిన రీడింగుతో ఏ నిర్ణయమూ చేయకూడదు. హెయిర్ స్ప్రింగ్ (బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊపే సన్నటి స్ప్రింగు) చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే లెక్క, వాచీ విపరీతంగా ఫాస్ట్ అవుతుంది. డీమాగ్నెటైజర్ కాయిల్‌లో ఉంచి, స్విచ్ నొక్కి పట్టుకుని వాచీని మెల్లగా చేయి చాచినంత దూరం లాగి, అక్కడికి వెళ్లాకే స్విచ్ వదలాలి. దగ్గరుండగానే వదిలేస్తే ఉన్న అయస్కాంతం పోకపోగా కొత్తది పడుతుంది.

ఆ తర్వాత నిండా కీ ఇచ్చి చూస్తే: డయల్ పైకి ఉన్నప్పుడు అంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం మధ్య నుంచి ఒక వైపుకు ఊగే కోణం) 205 డిగ్రీలు, డయల్ కిందికి ఉంటే 170, కీ కిందికి పెట్టి నిలబెడితే 150. రోజుకు 40 సెకన్లు ఫాస్ట్, బీట్ ఎర్రర్ (టిక్, టాక్ వ్యవధుల మధ్య తేడా) 4.2 మిల్లీసెకన్లు.

ఇక్కడ లిఫ్ట్ యాంగిల్ (బ్యాలెన్స్ చక్రానికి తోపు అందుతున్నంతసేపు అది తిరిగే కోణం) గురించి ఒక మాట. మెషీన్లు మామూలుగా 52 డిగ్రీలు అనుకుని లెక్క కడతాయి. ఈ మూవ్‌మెంటుకు ఎంతో పట్టికలో దొరక్కపోతే కంటితో పట్టుకోవచ్చు. బ్యాలెన్స్ చక్రం అడ్డపట్టీ మీద మార్కర్‌తో చిన్న చుక్క పెట్టి, కీ కొద్దికొద్దిగా ఇస్తూ చూడాలి. ఊపు సరిగ్గా 180 డిగ్రీలకు వచ్చినప్పుడు ఆ చుక్క రెండు చివర్లలోనూ ఒకే చోట ఆగుతుంది, చక్రం కదులుతున్నా అక్కడ చుక్క నిలిచినట్టే కనిపిస్తుంది. ఆ క్షణంలో మెషీన్ కూడా 180 చూపేదాకా లిఫ్ట్ యాంగిల్ మార్చాలి. ఈ వాచీకి 50 దగ్గర కలిసింది. పైన ఇచ్చిన అంకెలన్నీ ఆ 50 మీద తీసినవే.

అంకెల్లో రెండు విషయాలు కనిపిస్తున్నాయి. డయల్ పైకి, కిందికి మధ్య 35 డిగ్రీల తేడా ఉంది. డయల్ కిందికి ఉన్నప్పుడు బ్యాలెన్స్ బరువంతా డయల్ వైపు పివట్ (ఇరుసు సన్నటి చివర) కొన మీద, అది ఆనే క్యాప్ జువెల్ రాయి మీద పడుతుంది. కాబట్టి తప్పు అక్కడుంది. అది బ్యాలెన్స్ వరకే. అన్ని పొజిషన్లలోనూ ఊపు తక్కువగా ఉండటానికి కారణం ఇంకా ముందు, బ్యారెల్ (కీ ఇచ్చే స్ప్రింగు ఉండే డబ్బా) నుంచి ఎస్కేప్ వీల్ (వరసలో చివరి చక్రం) దాకా ఉన్న దారిలో వెతకాలి.

రేడియం జాగ్రత్త

ముళ్లలో గోధుమరంగు తిరిగిన పూత ఉంది, చీకట్లో వెలగడం లేదు. వెలగడం లేదంటే ప్రమాదం పోయిందని చాలామంది అనుకుంటారు. చనిపోయింది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్. రేడియం 226 అర్ధాయువు సుమారు 1,600 ఏళ్లు, అది అప్పుడెంతో ఇప్పుడూ దాదాపు అంతే. గైగర్ కౌంటర్ ఆ అనుమానాన్ని నిజం చేసింది.

చేతిమీద కట్టుకుంటే వచ్చే హాని కంటే, విప్పేటప్పుడు రాలే పొడి ఊపిరిలోకి, నోట్లోకి వెళ్లడమే అసలు ముప్పు. అందుకే గ్లోవ్స్, మాస్కు, బల్ల మీద తడి కాగితం. డయల్ మీద బ్లోయర్ వాడకూడదు, మామూలుగా ప్రతి వాచీకీ చేసే ఆ పని ఇక్కడ పొడిని గదంతా చల్లడమే. ముళ్లు తీసి మూత ఉన్న డబ్బాలో విడిగా పెట్టాలి, అల్ట్రాసానిక్‌లో వేయకూడదు. పూతను గీకకుండా, ముల్లు వెనకవైపు నుంచి పల్చటి లాకర్ ఒక్క చుక్క పట్టించి పొడి రాలకుండా నిలిపాం. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూతపెట్టి పక్కన పెట్టి, చేతులు కడుక్కునేదాకా ఏమీ తినకూడదు, తాగకూడదు.

విప్పితే

ముందు స్ప్రింగు బలం దించాలి. కీ వేళ్ల మధ్య గట్టిగా పట్టుకుని, స్ప్రింగు వెనక్కి విప్పుకోకుండా ఆపే క్లిక్‌ను పెగ్‌వుడ్ పుల్లతో పక్కకు నొక్కి, కీని వేళ్ల మధ్య జారనిస్తూ మెల్లగా వదలాలి. ఇది మర్చిపోయి ప్యాలెట్ ఫోర్కును (ఎస్కేప్ వీల్‌ను ఒక్కో పన్నుగా ఆపి వదిలే భాగం) పట్టే బ్రిడ్జి స్క్రూ విప్పితే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పివట్లు, పళ్లు పోతాయి.

డయల్ పాదాన్ని పట్టే రెండు స్క్రూల్లో ఒకటి తల విరిగి ప్లేటులోనే ఉండిపోయింది. దీనికి డ్రిల్లు అక్కర్లేదు, పటిక చాలు. ప్లేటు మీదున్న ఉక్కు భాగాలన్నీ, చిన్న స్ప్రింగుతో సహా, తీసేసి ఇత్తడి ప్లేటును పటిక చిక్కగా కరిగిన వేడినీళ్లలో ఉంచాలి. పటిక ఉక్కును తింటుంది, ఇత్తడిని ముట్టదు. బుడగలు ఆగితే మళ్లీ వేడి చేయాలి. పద్నాలుగు గంటలకు స్క్రూ ముక్క నల్లటి బురదలా మారి పుల్లతో బయటికి వచ్చింది. ప్లేటు మీద ఒక్క ఉక్కు పిన్ను మర్చిపోయినా అదీ కరిగిపోతుంది.

లోపల నూనె ఎండి పసుపు లక్కలా గట్టిపడింది. థర్డ్ వీల్ డయల్ వైపు పివట్ చుట్టూ మాత్రం నల్లగా ఉంది. నల్లగా ఉంటే అది ఉత్త ఎండిన నూనె కాదు, అందులో అరిగిన ఉక్కు పొడి కలిసింది. 20 రెట్ల భూతద్దంలో పివట్ మీద గాడి కనిపించింది.

అసలు జబ్బు బ్యారెల్‌ను పైనుంచి పట్టే పలకలో, అంటే బ్యారెల్ బ్రిడ్జిలో ఉంది. రాచెట్ వీల్ (కీతో తిరిగి స్ప్రింగును చుట్టే చక్రం) తీస్తే, బ్యారెల్ ఆర్బర్ (బ్యారెల్ మధ్య ఇరుసు) తిరిగే హోల్ గుండ్రంగా లేదు. ఆర్బర్ 1.20 మి.మీ., హోల్ ఒక దిక్కున 1.21, మరో దిక్కున 1.31. కీ ఇచ్చిన ప్రతిసారీ ఆర్బర్ ఒక పక్కకే లాగబడుతుంది, ఏళ్ల తరబడి నూనె లేకుండా అదే జరిగితే ఇత్తడి అటువైపే తినుకుపోతుంది. హోల్ చుట్టూ ఆరు పంచ్ మచ్చలు ఉన్నాయి. ఎవరో హోల్ వదులైందని గుర్తించారు, గుర్తించి చుట్టూ పంచ్‌తో కొట్టి లోహాన్ని లోపలికి నెట్టారు. కొన్నాళ్లు బిగుతుగానే ఉండి ఉంటుంది. ఆ నెట్టిన అంచు పల్చటిది, త్వరగా అరుగుతుంది, పైగా హోల్ మధ్యబిందువు కూడా జరిగిపోతుంది.

బ్యారెల్ మూత మీద వృత్తంగా మెరిసే గీత ఉంది. ఆర్బర్ వాలడంతో బ్యారెల్ ఒరిగి పక్కనున్న చక్రానికి రాసుకుంటోంది. స్ప్రింగు నిండా ఉన్నంతసేపు బలంతో లాక్కొస్తుంది, కొంత బలం తగ్గగానే ఆ రాపిడిని దాటలేక ఆగుతుంది. ఆరేడు గంటల లెక్క ఇదే.

స్ప్రింగు లెక్క

బ్యారెల్ విప్పితే లోపల ఉన్నది నీలి ఉక్కు స్ప్రింగు. వెడల్పు 1.50 మి.మీ., మందం 0.13. బ్యారెల్ లోపలి వ్యాసం 11.0 మి.మీ. ఈ వ్యాసానికి మందం వందో వంతు దగ్గర, అంటే 0.11 నుంచి 0.12 మధ్య ఉండాలి. స్ప్రింగు బలం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 0.115 ఉండాల్సిన చోట 0.13 పెడితే బలం ఇంచుమించు 44 శాతం ఎక్కువ. పొరపాటున పడేంత చిన్న తేడా కాదిది. వాచీ సరిగా లాగడం లేదని ఎవరో కావాలనే బలమైన స్ప్రింగు వేశారు.

ఇది చాలా పాత వాచీల్లో కనిపించే తప్పు. చక్రాల్లో రాపిడి ఉంటే రాపిడి తీయాలి, బలం పెంచకూడదు. బలం పెంచితే ఆర్బర్ మరింత ఒరుగుతుంది, పివట్లు మరింత అరుగుతాయి, ఆ అరుగుదలకు మళ్లీ ఇంకో బలమైన స్ప్రింగు కావాలి. ఈ వాచీలో థర్డ్ వీల్ పివట్ గాడి, బ్రిడ్జి హోల్ రెండూ ఆ 0.13 స్ప్రింగు చలవే అనిపిస్తుంది. అంత బలం ఉండి కూడా అంప్లిట్యూడ్ 205 దాటలేదంటే దారిలో ఎంత పోతోందో చూడండి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అన్నీ శుభ్రం చేసి ఈ స్ప్రింగే తిరిగి పెడితే ఊపు హద్దు దాటి, ఇంపల్స్ జువెల్ (బ్యాలెన్స్‌కు ఉన్న, ఫోర్కు తోసే రాయి) చుట్టూ తిరిగొచ్చి ప్యాలెట్ ఫోర్కును వెనకనుంచి కొడుతుంది. చెవికి గుర్రం దౌడు తీసినట్టు వినిపిస్తుంది, వాచీ ఒక్కసారిగా రోజుకు వందల సెకన్లు ఫాస్ట్ అవుతుంది. సర్వీసు చేశాక వాచీ పాడైందనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇది.

కొత్త స్ప్రింగు పొడవు లెక్క సులువు: స్ప్రింగు, ఆర్బర్ పోగా బ్యారెల్‌లో మిగిలే జాగాలో సగం ఆక్రమించాలి. ఆర్బర్ కోర్ 3.5 మి.మీ. కాబట్టి 11.0 వర్గం లోంచి 3.5 వర్గం తీసేస్తే 108.75. దాన్ని 0.785తో గుణిస్తే 85.4 చదరపు మి.మీ., అందులో సగం 42.7. దాన్ని మందం 0.115తో భాగిస్తే 371 మి.మీ. దొరికిన మిశ్రమలోహం స్ప్రింగు 1.50 × 0.115 × 360, ఆ పదకొండు మి.మీ. తేడాకు ఇబ్బంది లేదు. చివర కొక్కెం బ్యారెల్ గోడ కొక్కేనికి సరిపోయే రకమేనా అని తప్పక చూసుకోవాలి. వేళ్లతో చుట్టి దూర్చకూడదు, స్ప్రింగు గరాటులా సాగి మూతకు రాసుకుంటుంది. వైండర్ వాడాలి.

బుష్ వేయడం

వాలిన హోల్‌లో నేరుగా రీమర్ (హోల్ పెంచే పనిముట్టు) దింపితే అది అరిగిన వైపుకే వెళ్తుంది, కొత్త హోల్ గుండ్రంగా వచ్చినా తప్పు చోట వస్తుంది. బ్రిడ్జిని ప్లేటుకు స్క్రూలతో బిగించి, అరగని ప్లేటు వైపు హోల్‌ను ఆధారం చేసుకుని ఫేస్‌ప్లేట్ (లేత్‌లో పనిని బిగించే పళ్లెం) మీద మధ్యబిందువు పట్టాలి. అక్కడి నుంచి హోల్‌ను 1.99 మి.మీ.కు పెంచి 2.00 మి.మీ. ఇత్తడి బుష్‌ను (హోల్‌లో కూర్చునే చిన్న గొట్టం) నొక్కి దించాం. ఆ 0.01 తేడాయే దాన్ని పట్టి ఉంచుతుంది, జిగురు అవసరం లేదు. ఆర్బర్‌ను పాలిష్ చేశాక 1.19 తేలింది, బుష్ లోపలి హోల్‌ను బ్రోచ్‌తో 1.21కి తెచ్చి, స్మూతింగ్ బ్రోచ్‌తో నునుపు చేశాం. బ్రోచ్ నిలువుగా పట్టకపోతే పడిన శ్రమంతా వృథా, హోల్ మళ్లీ వాలుగా వస్తుంది. పంచ్ మచ్చల్లో సగం బుష్ కింద పోయాయి. మిగతావి రాచెట్ వీల్ కింద ఉంటాయి, వాటిని అరగదీసి బ్రిడ్జిని పల్చన చేయాల్సిన పని లేదు.

థర్డ్ వీల్ పివట్‌ను జాకో టూల్‌లో బర్నిషర్‌తో రుద్దితే 0.22 నుంచి 0.21కి దిగి గాడి పోయింది. జువెల్ హోల్ 0.23, సరిపోతుంది. బ్యాలెన్స్ డయల్ వైపు క్యాప్ జువెల్‌లో, కొన ఆనే చోట సూదిమొనంత గుంట పడింది. క్యాప్ జువెల్ మార్చి, పివట్ కొనను గుండ్రంగా పాలిష్ చేశాం.

కడగడం, నూనె

శుభ్రం చేసే ద్రవంలో ప్లేటు, బ్రిడ్జీలు, చక్రాలు వేసి, తర్వాత రెండు సార్లు రిన్స్. అంతకుముందే ప్రతి జువెల్ హోల్‌నూ పుల్లతో తిప్పి తుడవాలి, పుల్ల కొన తెల్లగా వచ్చేదాకా చెక్కుతూ ఉండాలి. మెషీన్ ఈ పని చేయదు. ప్యాలెట్ ఫోర్కు, బ్యాలెన్స్ మాత్రం ఆల్కహాల్‌లో నానబెట్టకూడదు: ప్యాలెట్ రాళ్లనూ ఇంపల్స్ జువెల్‌నూ లక్కతో అతికిస్తారు, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. వాటికి పెట్రోలియం బెంజైన్ (నాఫ్తా) రకం ద్రావకంలో కొద్దిసేపు చాలు.

చక్రాలు బిగించాక, ప్యాలెట్ ఫోర్కు పెట్టకముందు, కీ ఒకటి రెండు పళ్లు మాత్రం తిప్పి చూడాలి. చక్రాలు పరిగెత్తి, ఆగేముందు ఎస్కేప్ వీల్ కాస్త వెనక్కి తిరిగి ఆగితే దారి తేలిగ్గా ఉన్నట్టు. టక్కున ఆగితే ఎక్కడో పట్టు ఉంది. బుష్ వేసిన తర్వాత మొదటిసారి టక్కుననే ఆగింది. బుష్ అంచు ప్లేటు వైపు కాస్త పొడుచుకు వచ్చి బ్యారెల్‌కు ఆడే జాగా లేకుండా చేసింది. దాన్ని 0.03 మి.మీ. తీశాక అర చుట్టు వెనక్కి తిరిగింది.

నూనెల్లో ఎక్కువతనమే ఎక్కువ తప్పు. బ్యారెల్ ఆర్బర్‌కూ, సెంటర్ వీల్‌కూ చిక్కటి హెచ్‌పీ 1300. థర్డ్, ఫోర్త్, ఎస్కేప్ పివట్లకూ బ్యాలెన్స్ క్యాప్ జువెల్స్‌కూ పల్చటి మోబియస్ 9010. ప్యాలెట్ రాళ్లకు 9415. కీ వైపు రాసుకునే ఉక్కు భాగాలకు గ్రీజు. జువెల్ గుంటలో సగానికి కాస్త పైదాకా చాలు, అంచు దాటితే నూనె అక్కడ నిలవకుండా పాకి పోతుంది. క్యాప్ జువెల్ మీద చుక్క రాయి వ్యాసంలో సగానికి పైగా వ్యాపించి గుండ్రంగా నిలవాలి. 9415ను ఎగ్జిట్ రాయి ఇంపల్స్ ముఖానికి చిటికెడు పెట్టి ఐదు పళ్లు నడిపి, మళ్లీ పెట్టి ఐదు, మళ్లీ ఐదు. ఎస్కేప్ వీల్‌కు 15 పళ్లు, కాబట్టి అన్నిటికీ అందుతుంది. ప్యాలెట్ ఫోర్కు పివట్లకు నూనె వేయలేదు, హెయిర్ స్ప్రింగ్‌కు ఎప్పుడూ వేయకూడదు.

బీట్ ఎర్రర్ సరిచేయడానికి ఈ వాచీలో కదిలే స్టడ్ (హెయిర్ స్ప్రింగ్ బయటి కొనను పట్టే ముక్క) లేదు. హెయిర్ స్ప్రింగ్ కాలెట్ (లోపలి కొనను పట్టే చిన్న రింగు) చీలికలో టూల్ పెట్టి వెంట్రుకవాసి తిప్పడం, పెట్టి చూడడం, మళ్లీ తీయడం. నాలుగోసారికి 0.4 మిల్లీసెకన్లకు వచ్చింది. అక్కడితో ఆపాలి. దాన్ని సున్నా చేయబోయి హెయిర్ స్ప్రింగ్ వంచుకున్న సందర్భాలే ఎక్కువ.

బయటి పని త్వరగా అయింది. స్టెమ్ తుప్పు పట్టి థ్రెడ్ పోయింది, 0.90 మి.మీ. థ్రెడ్‌తో కొత్తది కోసి పెట్టాం, కీ మాత్రం పాతదే. అద్దం ప్లాస్టిక్, అంచున చీలిక ఉంది కాబట్టి మార్చాం. అద్దాన్ని సూపర్ గ్లూతో అతికించకూడదు, దాని ఆవిరి లోపల డయల్ మీద తెల్ల పొగలా పేరుకుంటుంది. డయల్‌ను నీళ్లతో గానీ ద్రావకంతో గానీ ముట్టుకోలేదు. అక్షరాలు లాకర్ పైన ఉంటాయి, తుడిస్తే గుడ్డకు అంటుకు వచ్చేస్తాయి. లగ్స్ (పట్టీ బిగించే కొమ్ములు) దగ్గర క్రోమ్ పోయి ఇత్తడి కనిపిస్తోంది, అది తాతగారి చొక్కా చెయ్యి రాసిన చోటు. అలాగే ఉంది.

ఫలితం

నిండా కీతో డయల్ పైకి 288 డిగ్రీలు, రోజుకు 6 సెకన్లు ఫాస్ట్. డయల్ కిందికి 284, 8 ఫాస్ట్. కీ కిందికి 258, 3 స్లో. కీ పైకి 255, 5 స్లో. కీ ఎడమకు 252, 14 స్లో. ఇరవై నాలుగు గంటల తర్వాత డయల్ పైకి 246. కీ ఇచ్చాక 39 గంటలు నడిచి ఆగింది.

ఆ 14 స్లో గురించి అడిగారు. అది బ్యాలెన్స్ తూకం తేడా. తూకం తప్పు నిలబెట్టిన పొజిషన్లలోనే బయటపడుతుంది, ఊపు సుమారు 220 డిగ్రీల దగ్గర దాని ప్రభావం ఉండదు, అంతకు పైనా కిందా ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తుంది. సరిచేయాలంటే బరువైన వైపు స్క్రూ తల కింద కొంచెం లోహం తీయాలి. భూతద్దంలో చూస్తే బ్యాలెన్స్ స్క్రూల్లో రెండింటి తలలు ఇప్పటికే ఆకురాయితో అరగదీసి ఉన్నాయి, బహుశా ఆ బలమైన స్ప్రింగు కాలంలో వాచీని దారికి తేవాలని చేసిన పని. మళ్లీ తీస్తే ఇక తీయడానికి మిగలదు. వారానికి రెండు రోజులు కట్టుకునే వాచీకి ఆ తేడా చేతి మీద తెలియదు. ఆ స్క్రూలను ముట్టుకోలేదు. తీసేసిన 0.13 స్ప్రింగును, గుంట పడ్డ క్యాప్ జువెల్‌ను చిన్న పొట్లంలో పెట్టి, కొలతలు రాసిన కాగితంతో సహా వాచీతో పాటే ఇచ్చాం. మూత లోపల ఐదో గీత గీయలేదు.